మేకల మధ్య పెరిగినవాణ్ణి, మేకపిల్ల ప్రశ్న తప్పాను – ఇంగ్లిష్ వర్డ్ అనాలజీల సంగతి

ఈరోజు వర్డ్ అనాలజీల గురించి మాట్లాడుకుందాం. ముందుగా నా పరువు పోయిన కథ ఒకటి చెప్పి మొదలుపెడతాను.

మాది కనిగిరి వైపు ఒక పల్లెటూరు. మా తాతకి ముప్పై దాకా మేకలు ఉండేవి. స్కూల్ నుంచి రాగానే సంచి గోడకి తగిలించి వాటి వెనకాల పోవడమే నా పని. మేక ఈనితే పిల్లని గోనెపట్టాతో తుడిచి తల్లి దగ్గర పాలకి పెట్టడం నాకు పదేళ్ళకే వచ్చు. అలాంటి నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ రాశాను. అందులో ఒక ప్రశ్న.

షీప్ : ల్యాంబ్ :: గోట్ : ?

నాలుగు ఆప్షన్లు. కాఫ్, కిడ్, ఫోల్, కబ్. నేను కిడ్ చూసి నవ్వుకున్నాను. కిడ్ అంటే చిన్నపిల్లాడు కదా, మనల్ని కన్‌ఫ్యూజ్ చెయ్యడానికి పెట్టారు అనుకుని ముందు దాన్నే కొట్టేశాను. కాఫ్ అంటే ఆవు దూడ, తెలుసు. కబ్ అంటే సింహం పిల్ల, తెలుసు. మిగిలింది ఫోల్. దాని అర్థం తెలీదు. తెలీని మాటే జవాబు అయ్యుంటుందని నొక్కేశాను. ఫోల్ అంటే గుర్రం పిల్ల అండీ. మేకపిల్లని ఇంగ్లిష్‌లో కిడ్ అనే అంటారు. అసలు ఆ మాటకి మొదటి అర్థమే మేకపిల్ల. మనుషుల పిల్లల్ని అలా పిలవడం తర్వాత వచ్చింది. రిజల్ట్‌లో నాకు కటాఫ్‌కి ఒక్క మార్కు తగ్గింది.

ఆ రోజు నేను నేర్చుకోవాల్సింది ఒకటుంది, కానీ నేర్చుకోలేదు. "నాకు ఇంగ్లిష్ రాదు, తెలుగు మీడియం కదా" అని సరిపెట్టుకున్నాను. నిజానికి ఆ ప్రశ్నలో సంబంధం ఏమిటో నాకు వెంటనే తెలిసింది. తల్లి, పిల్ల. అంతే. అది నాకు తెలిసినంతగా ఆ హాల్లో ఇంకెవరికీ తెలిసుండదు. తెలీనిది ఒక్క మాట. ఈ రెండూ వేరువేరు జబ్బులు. రెంటికీ ఒకటే మందు వేస్తే తగ్గదు. ఇది నాకు మొన్న మా తమ్ముడి వల్ల అర్థమైంది. మా పిన్ని కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్నాడు. ఇది మూడోసారి. ఇదే చివరిసారి అని బాబాయి చెప్పేశాడు కూడా. వాడు ఫోన్ చేసి, "అన్నా, రోజూ వంద బిట్లు చేస్తున్నా. అనాలజీల్లో మాత్రం మార్కులు ఉన్నచోటే ఉన్నాయి" అన్నాడు. తప్పు పోయిన బిట్లన్నీ స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాను. నలభై వచ్చాయి. ఒక ఆదివారం కూర్చుని అన్నీ చూశాను. ఈ ఎపిసోడ్ అందులోంచే వచ్చింది.

ఆ పరీక్ష లెక్క తెలీనివాళ్ళకి చెప్తాను. సీజీఎల్ టయర్-1లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. రైట్ అయితే 2 మార్కులు, తప్పయితే అర మార్కు పోతుంది. రీజనింగ్ సిలబస్‌లో సెమాంటిక్ అనాలజీ అని ఉంటుంది, మాటల మధ్య సంబంధం అన్నమాట. రీల్స్ చూసే వేగంలో చెయ్యాలి, రీల్స్ చూసే ధ్యాసతో చేస్తే మాత్రం పోయినట్టే.

అసలు అనాలజీ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ఏడో తరగతి లెక్కల్లో అనుపాతం చదివారు గుర్తుందా? 2 : 4 :: 3 : 6. రెండుకి నాలుగు ఎలాగో, మూడుకి ఆరు అలాగ. మధ్యలో ఉన్న ఆ నాలుగు చుక్కల అర్థం "ఎలాగో అలాగ" అని. గ్రీకు భాషలో అనలోగియా అంటే కూడా అనుపాతమే. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో దీన్ని మాటలకి వాడి చూపించాడు. బతుక్కి ముసలితనం ఎలాగో, పగటికి సాయంత్రం అలాగ. అందుకే సాయంత్రాన్ని పగటి ముసలితనం అనొచ్చు అన్నాడు. మనం జీవిత సంధ్య అంటాం కదా, అదే లెక్క తిరగేసి అన్నమాట.

ఇప్పుడు తమ్ముడి స్క్రీన్‌షాట్లలో ఒకటి చూద్దాం. స్క్రీన్ మీద చూడండి.

థర్మామీటర్ : టెంపరేచర్ :: లాక్టోమీటర్ : ?

ఆప్షన్లు మిల్క్, డెన్సిటీ, వాటర్, డైరీ. మావాడు మిల్క్ పెట్టాడు. మీలో చాలామంది కూడా అదే పెట్టుంటారు, నాకు తెలుసు. ఎందుకంటే లాక్టోమీటర్ అనగానే పాలు గుర్తొస్తాయి. ఊళ్ళో పాలకేంద్రంలో క్యాన్‌లోంచి గ్లాసులో పోసి, అందులో వేసి తేలుస్తారు, చూసే ఉంటారు. సరే, ఇప్పుడు మొదటి జతని ఒక పూర్తి వాక్యంగా చెప్పండి. "థర్మామీటర్ టెంపరేచర్‌ని కొలుస్తుంది." అదే వాక్యంలో రెండో జతని పెట్టండి. "లాక్టోమీటర్ పాలని కొలుస్తుంది." కొలుస్తుందా? పాలని కొలిచేది లీటరు డబ్బా అండీ. లాక్టోమీటర్ కొలిచేది పాల సాంద్రతని. నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గుతుంది, అది ఇంకొంచెం లోతుకి మునుగుతుంది, మన పాలాయన గుట్టు బయటపడుతుంది. కాబట్టి జవాబు డెన్సిటీ.

ఇక్కడే ఒక మెలిక. ఇదే ప్రశ్నలో మొదటి జత స్టెతస్కోప్ : హార్ట్ అని ఇచ్చారనుకోండి. వాక్యం ఏమవుతుంది? "స్టెతస్కోప్‌తో గుండెని పరీక్షిస్తారు." "లాక్టోమీటర్‌తో పాలని పరీక్షిస్తారు." ఇప్పుడు మిల్క్ కరెక్ట్! ప్రశ్నార్థకం ముందున్న మాట మారలేదు, జవాబు మారిపోయింది. "లాక్టోమీటర్ అంటే మిల్క్" అని బట్టీ పట్టినవాడు ఒకసారి గట్టెక్కి ఒకసారి మునుగుతాడు. ఎందుకు మునిగాడో వాడికి తెలీదు కూడా.

వాక్యం చేసేటప్పుడు వదులుగా చెయ్యకండి. "థర్మామీటర్‌కి టెంపరేచర్‌తో సంబంధం ఉంది" అంటే అది వాక్యం కాదు, తప్పించుకోవడం. మీ బైకు మీద రెండు మీటర్లు ఉంటాయి. రెంటికీ ప్రయాణంతో సంబంధం ఉంది. కానీ స్పీడోమీటర్ వేగం చూపిస్తుంది, ఓడోమీటర్ బండి కొన్నప్పటి నుంచి తిరిగిన కిలోమీటర్లు చూపిస్తుంది. స్పీడోమీటర్ : స్పీడ్ :: ఓడోమీటర్ : ? అని అడిగితే డిస్టెన్స్ అని చెప్పాలంటే ఆ తేడా కావాలి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళకి ఓడోమీటర్ విలువ బాగా తెలుస్తుంది, అది వేరే సంగతి.

తమ్ముడి నలభై తప్పుల్లో దాదాపు సగం ఇలాంటివే. మాటలన్నీ తెలుసు. కానీ సంబంధం చూడకుండా, "ఈ రెండూ ఎప్పుడూ కలిసి కనిపిస్తాయి కదా" అని పెట్టేశాడు. కలిసి కనిపించడం వేరు, ఫలానా సంబంధం ఉండటం వేరు.

ఈ పొరపాటు మనుషులే కాదు, కంప్యూటర్లు కూడా చేశాయి. 2013లో గూగుల్‌లో టోమస్ మికొలోవ్, ఆయన తోటివాళ్ళు వర్డ్‌టువెక్ అనే పద్ధతి తెచ్చారు. కోట్ల వాక్యాలు చదివించి, ఏ మాట పక్కన ఏ మాటలు వస్తాయో చూసి, ప్రతి మాటనీ అంకెల వరసగా మార్చడం. అలా మార్చాక కింగ్‌లోంచి మ్యాన్‌ని తీసేసి వుమన్‌ని కలిపితే దగ్గర్లో క్వీన్ వచ్చింది. అంటే మ్యాన్ : కింగ్ :: వుమన్ : క్వీన్. అందరూ నోరెళ్ళబెట్టారు. తర్వాత 2016లో వేరే పరిశోధకులు, గూగుల్ న్యూస్ వార్తలతో తయారైన ఆ అంకెల మీదే పరీక్ష పెట్టి చూస్తే, మ్యాన్ : కంప్యూటర్ ప్రోగ్రామర్ :: వుమన్ : హోమ్‌మేకర్ అని వచ్చింది! మెషీన్‌కి అర్థం తెలీదు కదా. వార్తల్లో ఏది దేని పక్కన ఎక్కువగా కనిపిస్తే దాన్నే సంబంధం అనుకుంది. మా తమ్ముడు లాక్టోమీటర్ పక్కన పాలు పెట్టిందీ ఇదే పద్ధతిలో.

ఇంకో రెండు చిన్న విషయాలు చెప్పి దీన్ని వదిలేస్తాను. ఒకటి, దిశ. పపీ : డాగ్ అని ఇస్తే పిల్ల ముందు, పెద్దది తర్వాత. ఆప్షన్లలో క్యాట్ : కిటెన్ అని తిరగేసి ఒకటి తప్పకుండా పెడతారు. తొందరలో దాన్నే నొక్కుతాం. రెండు, మోతాదు. డ్రిజిల్ : డౌన్‌పోర్ అంటే తుంపర, కుండపోత. రెండూ వానే, ఒకటి కొంచెం, ఒకటి బీభత్సం. దానికి జోడీ బ్రీజ్ : గేల్, అంటే పిల్లగాలి, పెనుగాలి. అక్కడ అంబ్రెల్లా : రెయిన్ కూడా ఉంటుంది, వాన కనబడగానే చెయ్యి అటు పోతుంది. థ్రిఫ్టీ : మైజర్లీ కూడా ఇలాంటిదే, పొదుపు హద్దు దాటితే పిసినారితనం. దానికి కాన్ఫిడెంట్ : ఆరొగెంట్ సరిపోతుంది. ఒకటి మంచి గుణం, అదే ఎక్కువైతే రెండోది.

ఇక మిగతా సగం తప్పులకి వద్దాం. నా మేకపిల్ల ప్రశ్న లాంటివి. సంబంధం తెలుసు, మాట తెలీదు. ఇందులో కూడా మళ్ళీ తేడా ఉంది. అసలు వినని మాట అయితే బాధ లేదు. ఆర్నిథాలజీ అంటే పక్షుల శాస్త్రం, ఎంటమాలజీ అంటే పురుగుల శాస్త్రం, ఇలాంటివి ఒకసారి రాసుకుంటే వచ్చేస్తాయి. ప్రమాదం ఎక్కడంటే, బాగా తెలుసనుకున్న మాట దగ్గర. నేను కిడ్ తెలీక తప్పు పెట్టలేదు. తెలుసు కాబట్టే తప్పు పెట్టాను.

ఇదిగో, వీడియో పాజ్ చేసి ఇది ఆలోచించండి.

టెంపుల్ : హెడ్ :: కాఫ్ : ?

ఆప్షన్లు కౌ, లెగ్, గాడ్, మిల్క్.

చేశారా? మావాడు "గుడికి తల ఏంటన్నా, ప్రింటింగ్ మిస్టేక్" అన్నాడు. కాదు. టెంపుల్ అంటే కణత కూడా. కంటికీ చెవికీ మధ్య, తలనొప్పి వస్తే అమృతాంజనం రాస్తామే, అది. కాఫ్ అంటే పిక్క కూడా. కణత తలలో ఒక భాగం, పిక్క కాలిలో ఒక భాగం. జవాబు లెగ్. గుడి, దూడ అని తెలుగు చేసుకుని కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుదరదు. నాకు పనికొచ్చిన గుర్తు ఒకటే. బాగా తెలిసిన మాట, ఉండకూడని చోట కనిపిస్తే, దానికి మనకి తెలీని ఇంకో అర్థం ఉందేమో అని ఆగాలి. వుల్ఫ్ : ప్యాక్ :: ఫిష్ : స్కూల్ అని చూస్తే చేపలకి బడి ఏంటి అని నవ్వొద్దు. చేపల గుంపుని స్కూల్ అనే అంటారు.

తెలుగులోకి మార్చుకోవడం తప్పని నేననను. నేనూ మార్చుకుంటాను. కానీ అది ఎక్కడ జారుతుందో తెలిసుండాలి. మనకి ఆవుకి దూడ ఉంది, ఏనుగుకి గున్న ఉంది, మిగతా చాలా జంతువులకి "పిల్ల" అని తగిలిస్తే చాలు. మేకపిల్ల, గొర్రెపిల్ల, కుక్కపిల్ల, కోడిపిల్ల. ఇంగ్లిష్‌లో ల్యాంబ్, కిడ్, పపీ, చిక్, బాతు పిల్లకి డక్లింగ్, హంస పిల్లకి సిగ్నెట్, దేనికది వేరు. అదే ఇంగ్లిష్ ఏనుగు పిల్లనీ తిమింగలం పిల్లనీ కూడా కాఫ్ అనే అంటుంది. తిరగేసి చూడండి. మనకి వడ్లు వేరు, బియ్యం వేరు, అన్నం వేరు. ఇంగ్లిష్‌లో వడ్లకి ప్యాడీ అని ఉంది గానీ, బియ్యానికీ అన్నానికీ రెంటికీ రైసే. తినేవాడికీ వండేవాడికీ మధ్య తేడా లేనట్టు!

అన్నిటికంటే ఎక్కువ జారేది చుట్టరికాల దగ్గర. నెఫ్యూ అంటే మేనల్లుడు అని మనం బట్టీ పట్టాం. సగమే నిజం. ఇంగ్లిష్‌లో అన్న కొడుకైనా, తమ్ముడి కొడుకైనా, అక్క కొడుకైనా, చెల్లి కొడుకైనా నెఫ్యూనే. మనింట్లో మగవాడికి అన్నదమ్ముల కొడుకు కొడుకు వరస, అక్కచెల్లెళ్ళ కొడుకు మాత్రమే మేనల్లుడు. ఆడవాళ్ళకి సరిగ్గా దీనికి తిరగేసి. అంకుల్ : నెఫ్యూ :: ఆంట్ : ? అనే బిట్‌లో ఎలాగోలా నీస్ పెట్టేస్తాం. కానీ అంకుల్ అంటే మామయ్యే అని మనసులో ఉంటే, బ్లడ్ రిలేషన్స్ బిట్లలో బాబాయి వచ్చిన చోట తికమక పడతాం. చేతిలో ఉన్న నలభై స్క్రీన్‌షాట్లలో అలాంటివి మూడున్నాయి.

ఇక్కడ ఒక మాట మాట్లాడుకోవాలి. తెలీని మాట ఎదురైనప్పుడు అది పూర్తిగా మన తప్పేనా? అమెరికాలో శాట్ పరీక్షలో ఒకప్పుడు ఒక ప్రశ్న వచ్చింది, చాలా పేరున్న ప్రశ్న. రన్నర్ : మారథాన్‌కి జోడీ ఏది అని. జవాబు ఓర్స్‌మన్ : రెగాటా. తెడ్డు వేసేవాడు, పడవ పందెం. సంబంధం చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, పోటీలో పాల్గొనేవాడు, ఆ పోటీ. కానీ రెగాటా అనే మాట డబ్బున్నవాళ్ళ పిల్లలకి ఇంట్లోనే తెలుస్తుంది, పేదపిల్లలకి ఎక్కడ తెలుస్తుంది, ఇది తెలివిని కొలవడమా పుట్టిన ఇంటిని కొలవడమా అని విమర్శలు వచ్చాయి. 2005లో శాట్ నుంచి అనాలజీలు తీసేశారు. 2011లో జీఆర్ఈ నుంచి కూడా తీసేశారు. అంతకుముందు మన హైదరాబాద్‌లో అమెరికా వెళ్ళాలనుకున్న అన్నయ్యలూ అక్కయ్యలూ బ్యారన్స్ వర్డ్ లిస్టులు పట్టుకుని తిరిగింది వీటి కోసమే. మన దగ్గర మాత్రం ఇంకా ఉన్నాయి. ఉన్నంతకాలం రాయాలి కదా. నా అభిప్రాయం అడిగితే, ఆ విమర్శ న్యాయమైనదే. రెగాటా తెలీకపోవడం తెలివితక్కువ కాదు. కాకపోతే అది ఒక సాయంత్రంలో తీరిపోయే లోటు. సంబంధం పట్టలేకపోవడం మాత్రం అలా తీరదు.

అందుకే తమ్ముడికి వంద బిట్లు ఆపేయమన్నాను. రోజూ ఇరవై చాలు. తప్పు పోయిన ప్రతిదాన్నీ ఫోన్ నోట్స్‌లో రెండు ఫోల్డర్లలో వెయ్యమన్నాను. ఒకదాని పేరు "మాట", రెండోదాని పేరు "ముడి". మాట తెలీక పోయిందా, డిక్షనరీలో ఆ మాటకున్న మొదటి మూడు అర్థాలూ చూసి రాసుకో, ఒక్కటి చూసి మూసెయ్యకు. ముడి తప్పిందా, అంటే మాటలన్నీ తెలిసి కూడా తప్పు పెట్టావా, మొదటి జతకి ఒక వాక్యం రాసి, నువ్వు పెట్టిన తప్పు జవాబుని అందులో పెట్టి బయటకి చదువు. "లాక్టోమీటర్ పాలని కొలుస్తుంది" అని పైకి చదివితే చెవికే తెలిసిపోతుంది. మొదటి వారం వాడు విసుక్కున్నాడు. "ఇరవై బిట్లకి గంట పడుతోందన్నా, ఎగ్జామ్‌లో 36 సెకన్లే" అన్నాడు. ఈత నేర్చుకునేటప్పుడు పందెం గురించి అడక్కు అన్నాను. మూడో వారానికి ముడి ఫోల్డర్ నిండటం తగ్గింది. మాట ఫోల్డర్ ఇంకా నిండుతూనే ఉంది, నిండనీ.

ఎగ్జామ్ ఇంకా అవ్వలేదు. నిన్న రాత్రి పదకొండింటికి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు.

ర్యామ్ : ఈవ్ అని చదివి, అలా కాదని వాడే దిద్దుకున్నాడు. ఆ రెండో మాట ఈ, డబ్ల్యు, ఈ అని రాసి ఉంటుంది, పలకడం మాత్రం "యూ". ర్యామ్ అంటే పొట్టేలు, యూ అంటే ఆడగొర్రె. రెండో జతలో ప్రశ్నార్థకం, పక్కన కౌ. ఆప్షన్లలో ఆక్స్ ఉంది, బుల్ ఉంది. వాడితో కోచింగ్‌లో ఉన్న సిటీ పిల్లలు సగంమంది ఆక్స్ పెట్టారట. మావాడు అయిదు సెకన్లలో బుల్ పెట్టాడు. పొట్టేలు మందలో ఆడగొర్రెకి మగజోడు, ఆవుకి మగజోడు ఆబోతు. ఆక్స్ అంటే ఎద్దు, అది బండికీ నాగలికీ గానీ దూడలకి కాదు. కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు, నవ్వుతూ. "అన్నా, ఇది ఇంగ్లిష్ బిట్టా, మా నాన్న పశువుల సంతలో అడిగే బిట్టా?"